లండీ దీవిలో పాత ఇళ్ల బస: ఏ ఇల్లు ఎవరికి, ఏ కాలంలో

ఇంగ్లండ్ నైరుతి కొసన, డెవన్ తీరం నుంచి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో, బ్రిస్టల్ ఛానల్ వెళ్లి అట్లాంటిక్‌లో కలిసే చోట లండీ దీవి ఉంది. పొడవు దాదాపు 5 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరుకి కాస్త అటూ ఇటూ. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు, పైన చదునైన గ్రానైట్ నేల. ఏడాది పొడవునా అక్కడ కాపురం ఉండేవాళ్లు ముప్ఫై మంది లోపే. అంత చిన్న చోట 23 ఇళ్లు సెలవులకు అద్దెకు దొరుకుతాయి. 13వ శతాబ్దపు కోటలో గదులున్నాయి, దీపం ఆరిపోయిన లైట్‌హౌస్ ఉంది, నౌకాదళం కట్టుకున్న కావలి ఇల్లుంది, రేకుల బడి ఉంది, ఒక్క మనిషికి మాత్రమే సరిపోయే రేడియో గది కూడా ఉంది.

దీవిని 1969లో వ్యాపారి జాక్ హేవర్డ్ ఇచ్చిన 1,50,000 పౌండ్ల విరాళంతో, వారసత్వ స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ కొని, నిర్వహణ కోసం ల్యాండ్‌మార్క్ ట్రస్ట్‌కి లీజుకిచ్చింది. శిథిలమవుతున్న పాత కట్టడాలను బాగు చేసి, వాటిని అద్దెకిచ్చి, ఆ రాబడితోనే వాటిని నిలబెట్టడం కోసం జాన్ స్మిత్ దంపతులు 1965లో మొదలుపెట్టిన సంస్థ ఇది. లండీ ఇళ్లన్నీ ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. పాత చెక్క సామాను, ఎంచి పెట్టిన పుస్తకాల అలమర, ఇంటి చరిత్ర చెప్పే ఆల్బమ్, వచ్చినవాళ్లు రాసి వెళ్లే లాగ్‌బుక్ ప్రతి ఇంట్లో ఉంటాయి. టీవీ ఉండదు. హోటల్ సేవలు ఉండవు, వంట మనమే చేసుకోవాలి.

చాలామంది ఇక్కడ ఇల్లు ఎంచుకునేటప్పుడు ఫొటో చూస్తారు, పడకలెన్నో చూస్తారు, సరిపెట్టేస్తారు. లండీలో అది చాలదు. ఆ కట్టడం మొదట ఎందుకు లేచిందో చూడాలి. దూరం నుంచి కనిపించాలని కట్టింది గాలి నోట్లో ఉంటుంది. శత్రువు రాకూడదని కట్టిన దానికి కిటికీలు చిన్నవి, గోడలు మందం. గాలి తగలకుండా బతకాలని కట్టింది లోయలో ఒదిగి ఉంటుంది. ఇళ్లను బాగు చేసినప్పుడు ఈ స్వభావాన్ని చెరపలేదు, అదే ఈ బసలోని గొప్పతనం. కాబట్టి ఇబ్బందులు కూడా ఆ స్వభావంలోంచే వస్తాయి.

అందరూ మొదట అడిగేది ఓల్డ్ లైట్. ఈ లైట్‌హౌస్ చేసిన పని తెలిస్తే దానిలో ఉండడం ఎలాగుంటుందో తేలిగ్గా అర్థమవుతుంది. 1787లోనే పునాదులు పడ్డాయి కానీ పని ముందుకు సాగలేదు. 1819లో ఇంగ్లండ్ లైట్‌హౌస్‌లను చూసుకునే సంస్థ ట్రినిటీ హౌస్ 999 ఏళ్ల లీజు తీసుకుని, డేనియల్ ఆషర్ అలెగ్జాండర్ గీసిన నమూనాతో 97 అడుగుల గ్రానైట్ గోపురం కట్టించింది. ఖర్చు 36,000 పౌండ్లు. దీవిలో అన్నిటికన్నా ఎత్తైన గుట్ట మీద పెట్టారు. దాని పునాదే సముద్రమట్టానికి 400 అడుగుల పైన ఉంది. బ్రిటన్‌లో ఇంత ఎత్తులో పునాది ఉన్న లైట్‌హౌస్ మరొకటి లేదు. ఎక్కువ ఎత్తయితే ఎక్కువ దూరం కనిపిస్తుందన్నది లెక్క. కానీ ఆ ఎత్తులో మబ్బు దిగి కూర్చుంటుంది. కింద సముద్రం మీద ఓడలకు దారి తేటగా ఉన్నా, పైన దీపం పొగమంచులో మునిగిపోయేది. ఇంకో లోపం తిరిగే దీపంలో ఉంది. అది తిరిగే వేగానికి దూరం నుంచి చూస్తే మెరుపుల మధ్య చీకటి తెలిసేది కాదు, నిలకడగా వెలిగే దీపంలాగే కనిపించేది. పొగమంచులో ఓడలను హెచ్చరించడానికి 1861లో పడమటి కొండ అంచున ఫిరంగులు పెట్టి, పది నిమిషాలకోసారి పేల్చేవారు. అదీ చాలక 1897లో దీవి రెండు కొసల్లో, కింది ఎత్తులో, కొత్త లైట్‌హౌస్‌లు కట్టి దీన్ని ఆపేశారు.

ఆ మబ్బు ఇప్పటికీ అక్కడే దిగుతుంది. ఓల్డ్ లైట్‌లో బస అంటే గోపురంలో కాదు. దాన్ని ఆనుకుని ఉన్న కావలివాళ్ల నివాసంలో పైనొకటి, కిందొకటిగా రెండు ఇళ్లున్నాయి. అదే ఆవరణలో స్టోనీక్రాఫ్ట్, ఓల్డ్ లైట్ కాటేజ్ వేరే అద్దెకిస్తారు. గదులు పెద్దవి, పైకప్పు ఎత్తు, రాతిపని చూడముచ్చటగా ఉంటుంది. దీవిలో కట్టడపు నాణ్యతకి దీన్ని మించింది లేదని నా నమ్మకం. ప్రతి రాయి అమరికలో పనివాళ్ల చెయ్యి కనిపిస్తుంది. పడమటి గాలి మాత్రం నేరుగా వచ్చి తగులుతుంది. ఈదురుగాలి రోజున తలుపు తీసేటప్పుడు గట్టిగా పట్టుకోవాలి, లేకపోతే కీలు ఊడేంత విసురుగా కొట్టుకుంటుంది. ఆ తలుపు సందులో పిల్లల వేళ్లు పడకుండా చూసుకోవాలి. గోపురం పైకి 147 మెట్లు. పైన, దీపం ఉండే గాజు గదిలో, మడత కుర్చీలు వేసి ఉంచారు. అది ఓల్డ్ లైట్‌లో ఉన్నవాళ్లకే కాదు, దీవికి వచ్చిన ఎవరికైనా తెరిచే ఉంటుంది. గోపురం ఎక్కాలన్న ఒక్క కోరికతో ఆ ఇల్లు తీసుకోనక్కర్లేదు. రాత్రి పూట తీరికగా ఎక్కి కూర్చోవాలనుకునేవాళ్లకే ఆ ఆవరణలో బస వల్ల లాభం. మే, జూన్, సెప్టెంబర్ నెలలు దీనికి తగినవి. జనవరిలో దీన్ని తీసుకునేవాళ్లు గాలి మోతని ఇష్టపడేవాళ్లై ఉండాలి.

దీవిలోని చిన్న ఊరికి అన్నిటికన్నా దూరంగా ఉన్నది టిబ్బెట్స్. 1909లో నౌకాదళ శాఖ సముద్రం మీద నిఘాకి కట్టించిన గ్రానైట్ ఇల్లు. ఊరి నుంచి ఉత్తరం దిక్కుగా వెళ్లే బాటలో సుమారు 2.8 కిలోమీటర్లు. బాట చదునుగానే ఉంటుంది కానీ వాన పడితే బురద, పొగమంచు దిగితే పదడుగుల దూరం కూడా కనిపించదు. దారి పక్కన నిలిపిన రాళ్లను ఒకదాని తర్వాత ఒకటి చూసుకుంటూ నడవాలి. రాత్రి ఊళ్లో భోజనం చేసి తిరిగి వెళ్లాలనుకునేవాళ్లు ఈ సంగతి ముందే లెక్కలో పెట్టుకోవాలి. ఫోన్ లైటు మీద ఆధారపడొద్దు, తలకి కట్టుకునే టార్చ్, అదనపు బ్యాటరీలు ఉండాలి.

టిబ్బెట్స్‌కి కరెంటు లేదు. గ్యాస్ దీపాలు, గ్యాస్ పొయ్యి. నలుగురికి బంకు పడకలు. గ్యాస్ దీపం వాడని తరం ఇప్పుడు ఎక్కువ కాబట్టి కొంచెం వివరంగా చెప్పాలి. దీపంలో వెలిగేది మాంటిల్ అనే తెల్లటి వల సంచి. ఒకసారి కాలాక అది బూడిదలాంటి పెళుసు గూడు. అగ్గిపుల్ల దానికి తగిలితే రాలిపోతుంది, వేలితో ముడితే ఇక పనికిరాదు. ముందు అగ్గిపుల్ల వెలిగించి మాంటిల్‌కి కాస్త కింద, పక్కగా పట్టుకోవాలి. తర్వాత గ్యాస్ మెల్లగా తిప్పాలి. గ్యాస్ ముందు తిప్పి పుల్ల కోసం వెతికితే, అంటుకునేటప్పుడు వచ్చే చిన్న పేలుడుకే మాంటిల్ చిరిగిపోతుంది. మాంటిల్‌కి కన్నం పడితే ఆ కన్నంలోంచి వచ్చే మంట గాజు చిమ్నీని పగలగొడుతుంది, ఆ దీపాన్ని వాడకుండా వదిలేసి దీవి సిబ్బందికి చెప్పడం మంచిది. దీపాలు వెలిగేంతసేపూ ఒక కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి.

ఇన్ని తిప్పలు పడి అక్కడెందుకు ఉండాలంటే, కావలి ఇల్లు కాబట్టి నాలుగు దిక్కులా సముద్రం కనిపిస్తుంది. ఒకప్పుడు తేటగా ఉన్న రాత్రి అక్కడి నుంచి 14 లైట్‌హౌస్‌ల వెలుగులు కనిపించేవట. పక్షుల కోసం వచ్చేవాళ్లకి కూడా ఇదే సరైన చోటు. పఫిన్‌లు అనే రంగురంగుల ముక్కు సముద్రపక్షులు గూళ్లు పెట్టే జెన్నీస్ కోవ్ పడమటి తీరంలో ఉంది, టిబ్బెట్స్ నుంచి కొద్దిసేపటి నడక. ఏప్రిల్ నుంచి జులై చివరి దాకా వాటి కాలం. ఓడలెక్కి వచ్చిన ఎలుకలు గుడ్లు తినేయడంతో ఈ శతాబ్దం మొదట్లో దీవిలో పఫిన్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేంత తక్కువకి పడిపోయాయి. 2002 నుంచి 2004 వరకు ఎలుకల నిర్మూలన జరిగింది, 2006లో దీవిలో ఎలుకలు లేవని ప్రకటించారు. 2023 లెక్కలో 1,335 పఫిన్‌లు తేలాయి. మాంక్స్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షులు కూడా బాగా పెరిగాయి. అవి ఎక్కువగా వెన్నెల లేని రాత్రుల్లో గూటికి వస్తాయి, వచ్చేటప్పుడు గొంతు చించుకుని అరుస్తాయి. తెలియనివాళ్లకి ఆ అరుపు భయం పుట్టిస్తుంది. చిన్నపిల్లలతో వెళ్తే పడుకునే ముందే చెప్పి ఉంచాలి.

కోట సంగతి వేరు. మారిస్కో వంశం లండీని పట్టుకుని రాజుకే ఎదురు తిరిగింది. విలియం డి మారిస్కోని 1242లో ఉరితీశాక, మూడవ హెన్రీ దీవిని తన చేతిలో ఉంచుకోవడానికి ఈ కోట కట్టించాడు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో థామస్ బుషెల్ దీన్ని రాజు పక్షాన 1647 దాకా నిలబెట్టాడు. తర్వాతి శతాబ్దాల్లో పాడుబడి, పేదల గుడిసెలై, చివరికి ల్యాండ్‌మార్క్ చేతికి వచ్చింది. నాలుగు గోడల మధ్య చిన్న నడవా, దాని చుట్టూ మూడు ఇళ్లు: కీప్ ఈస్ట్, కీప్ నార్త్, కీప్ సౌత్. సౌత్‌లో నలుగురు పడుకోవచ్చు, మిగతా రెండూ జంటలకి. కోట గోడకి బయటి వైపున కాసిల్ కాటేజ్ ఉంది.

కోట అనగానే విశాలమైన హాళ్లు ఊహించుకుని వెళ్లినవాళ్లు నిరాశపడతారు. గదులు ఇరుకు, కిటికీలు నడవాలోకి ఎక్కువ, సముద్రం వైపు తక్కువ. సముద్రాన్ని చూస్తూ గడపాలంటే కాసిల్ కాటేజ్ తీసుకోండి. కోట లోపల ఉండడంలో సుఖం వేరే రకం. బయట గాలి ఎంత ఊళ వేసినా నడవాలో నిశ్శబ్దంగా ఉంటుంది, ఆ మందపాటి గోడల మధ్య పుస్తకం పట్టుకుని కూర్చుంటే రోజంతా కదలబుద్ధి కాదు. రెండు కుటుంబాలు కలిసి వస్తే సౌత్, ఈస్ట్ కలిపి తీసుకోవడం చాలా తెలివైన ఎంపిక. నడవా ఉమ్మడి వాకిలి అవుతుంది, వంటలు వేరుగా, కబుర్లు కలిసి. పిల్లలని మాత్రం కోట బయట ఒంటరిగా వదలొద్దు. కోట ఉన్నది కొండ కొమ్ము మీద, అంచుల వెంబడి కంచె ఉండదు.

గ్రానైట్ ఇళ్లన్నిటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది: వేడెక్కడానికి చాలా సమయం పడుతుంది, వేడెక్కాక త్వరగా చల్లారవు. చలికాలంలో ముందు రోజుల్లో ఎవరూ లేని ఇంట్లోకి దిగితే మొదటి రాత్రి గాలి వెచ్చబడుతుంది కానీ గోడ చల్లగానే ఉంటుంది. గోడ వేడి పట్టుకోవడానికి ఇంకో రోజు కావాలి. అందుకే నవంబర్ నుంచి మార్చి మధ్య కోటలో గానీ ఓల్డ్ లైట్‌లో గానీ కనీసం నాలుగు రాత్రులు ఉండేలా చూసుకోవాలి. అంతకన్నా తక్కువైతే ఇల్లు వెచ్చబడే సమయానికి మూట కట్టాల్సి వస్తుంది. చల్లటి గోడకి వంట ఆవిరి తగిలితే నీళ్లు కారతాయి. కూరగిన్నె మీద మూత పెట్టి వండడం, వంటయ్యాక గాలి కొట్టని వైపు ఉన్న కిటికీని పది నిమిషాలు తెరవడం, పక్కబట్టలు గోడకి తగలకుండా నాలుగు వేళ్లు ఎడం ఉంచడం, ఈ మూడూ చేస్తే చెమ్మ బాధ చాలావరకు తప్పుతుంది.

పొయ్యి ఉన్న ఇళ్లలో చాలామంది బొగ్గు అంటుకోవడం లేదని విసుగుపడతారు. నూటికి తొంభై సార్లు తప్పు బూడిద ట్రేదే. నిండిన ట్రే కింది నుంచి వచ్చే గాలిని ఆపేస్తుంది, పైన ఇనుప జల్లెడ కూడా వేడికి వంగిపోతుంది. ముందు ట్రే ఖాళీ చేయండి. పొగగొట్టం చల్లగా ఉంటే పొగ గదిలోకే తిరిగి వస్తుంది కాబట్టి, ఒక కాగితం చుట్టి వెలిగించి గొట్టం మొదట్లో అరనిమిషం పట్టుకోండి. ఆ వేడికి గాలి పైకి లాగడం మొదలవుతుంది. తర్వాత కాగితం, సన్నపుల్లలు, వాటి మీద గుప్పెడు బొగ్గు మాత్రమే, కింది గాలి తలుపు పూర్తిగా తెరిచి. పావుగంటకి బొగ్గు ఎర్రబడుతుంది, అప్పుడు ఇంకో పొర. ఒకేసారి కుమ్మరిస్తే మంట ఊపిరాడక చస్తుంది. రాత్రికి నిండుగా బొగ్గు వేసి గాలి తలుపు సన్నగా దించితే పొద్దునకి నిప్పు మిగిలి ఉంటుంది. పూర్తిగా మూయకూడదు, కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదం. బూడిద చల్లారినట్టు కనిపించినా లోపల నిప్పు గంటల తరబడి ఉంటుంది, ఇనుప బకెట్‌లో తప్ప ఎక్కడా పోయకూడదు. ఆ గాలికి ఒక్క రవ్వ ఎండు పొదల్లో పడినా ఆపడం కష్టం.

రాత్రి నిప్పు నిలబెట్టుకోమని అంతగా చెప్పడానికి కారణం, ఊళ్లో కరెంటు జనరేటర్లతో వస్తుంది, అర్ధరాత్రి నుంచి ఉదయం 6 గంటల దాకా ఆపేస్తారు. ఆ ఆరు గంటలూ హీటర్ ఉండదు, ఫ్రిజ్ నడవదు, ఫోన్ ఛార్జ్ కాదు. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే లోపలి సరుకు పాడవదు. నిద్రలో ఊపిరి కోసం యంత్రం వాడేవాళ్లు సరిపడా బ్యాటరీ తెచ్చుకోవాలి, బుక్ చేసే ముందే సిబ్బందితో మాట్లాడుకోవాలి. మంచం పక్కన టార్చ్ తప్పనిసరి. ఈ నియమం వల్ల దక్కే లాభం కూడా పెద్దదే: అర్ధరాత్రి దాటాక దీవి మీద దాదాపు దీపమే ఉండదు, ఆకాశంలో పాలపుంత ఈ కొస నుంచి ఆ కొసకి కనిపిస్తుంది. అమావాస్యకి దగ్గరి తేదీలు చూసుకుని వెళ్లేవాళ్లకి ఇది చాలు. నీళ్లు కూడా దీవి మీద దొరికినవే, ఎండలు కాసిన వేసవిలో పొదుపుగా వాడాలి.

ఇన్ని చెప్పాక మిల్‌కూమ్ హౌస్ పక్కన నిలబెట్టి చూడాలి. 1834లో దీవిని కొన్న విలియం హడ్సన్ హెవెన్ 1836లో తన కుటుంబానికి కట్టించుకున్న బంగళా ఇది. ఆయన డబ్బు జమైకాలో బానిసల చేత చేయించిన చెరకు తోటల వారసత్వం. ఆ సంగతి తెలుసుకునే ఆ ఇంట్లో అడుగుపెట్టడం న్యాయం. ఇల్లు తూర్పు వైపు లోయలో ఉంది. పడమటి గాలి పైనుంచి దాటిపోతుంది, కాబట్టి దీవిలో చెట్లు బాగా పెరిగేది కూడా ఇక్కడే. పైకప్పు మామూలు ఇళ్లకి ఉల్టా, బయటికి కాకుండా లోపలికి వాలి ఉంటుంది. వాననీటిని వృథా పోనీకుండా మధ్యకి చేర్చి నిల్వ చేసుకోవడానికి అలా కట్టారు. 12 మందికి చోటుంది. పెద్దవాళ్లతో, మూడు తరాలతో కలిసి వచ్చే కుటుంబాలకి ఇది తప్ప ఇంకోటి చూడనక్కర్లేదు. చిత్రమైన ఇల్లు కావాలనుకునేవాళ్లకి మాత్రం ఇది మరీ మామూలు ఇల్లులాగా అనిపించవచ్చు. మనిషికి పడే అద్దె లెక్కేస్తే, నిండుగా జనం ఉన్నప్పుడు మిల్‌కూమ్ గిట్టుబాటే. ఆరుగురే ఉంటే అంత ఇంటిని వెచ్చగా ఉంచడమే ఒక పని.

ఊళ్లో చిన్న ఇళ్లలో నాకు బాగా నచ్చేది ఓల్డ్ స్కూల్. ముడతల రేకులతో కట్టిన ఒకప్పటి బడి, నీలం రంగు వేసి ఉంటుంది, ఇద్దరికి సరిపోతుంది. పొయ్యి పెట్టగానే రేకు వెచ్చబడుతుంది, ఆర్పగానే చల్లారుతుంది, గ్రానైట్‌కి పూర్తిగా వ్యతిరేకం. రెండు రాత్రులకే వచ్చే జంటకి చలికాలంలో కోట కన్నా ఇదే మేలు. గట్టి వానలో రేకుల మోతకి మాటలు వినపడవు. నిద్ర తేలికైనవాళ్లు ఆలోచించుకోవాలి. రేడియో రూమ్ ఒంటరిగా వచ్చేవాళ్లది. దీవికి బయటి ప్రపంచంతో ఉన్న ఒకే ఒక సంబంధమైన పాత రేడియో యంత్రం ఒకప్పుడు ఆ గదిలో ఉండేది. ఒక్కరికే చోటు కాబట్టి అద్దె కూడా ఆ మేరకే ఉంటుంది, త్వరగా నిండిపోతుంది. హ్యాన్‌మర్స్ ఒక జాలరి కట్టుకున్న చెక్క ఇల్లు, కోటకి వెళ్లే దారిలో ఉంది. కుటుంబానికి హాయిగా ఉంటుంది. ఓల్డ్ హౌస్, స్క్వేర్ కాటేజ్, సెయింట్ జాన్స్ ఇళ్లు ఊరి నడిబొడ్డులో ఉన్నాయి. నడక కష్టమైనవాళ్లు ఇవే చూసుకోవాలి. బ్రాంబుల్ విల్లా 1970లలో కట్టింది, సౌకర్యమే కానీ చరిత్ర కోసం వచ్చినవాళ్లకి కాదు. బార్న్ 14 మంది పట్టే హాస్టల్, జట్టుగా వచ్చే నడక బృందాలకి, డైవింగ్ వాళ్లకి.

తిండికి మారిస్కో టావర్న్ ఉంది. 1860లలో గ్రానైట్ క్వారీ కంపెనీ వాళ్ల దుకాణంగా మొదలైన కట్టడం. ఫోన్లు మోగకూడదన్నది అక్కడి నియమం. కరెంటు ఆపేసిన వేళల్లో కూడా దానిలో దీపం ఉంటుంది. పక్కనే కొట్టు, నిత్యావసరాలు దొరుకుతాయి. మన వంటకి కావలసిన పప్పు, మసాలా, ఇంగువ లాంటివి తీసుకెళ్లాలి. దీవి సొంత స్టాంపులు కూడా ఆ కొట్టులోనే అమ్ముతారు. 1925లో దీవిని కొన్న మార్టిన్ కోల్స్ హార్మన్ 1929లో మొదలుపెట్టిన ఆ స్టాంపుల మీద విలువ పఫిన్‌లలో ఉంటుంది. అదే ఊపులో నాణేలు కూడా ముద్రించినందుకు కోర్టు ఆయనకి 5 పౌండ్ల జరిమానా వేసింది.

ఇక ప్రయాణం. మార్చి చివరి నుంచి అక్టోబర్ చివరి దాకా ఎం.ఎస్. ఓల్డెన్‌బర్గ్ అనే ఓడ నడుస్తుంది. 1958లో జర్మనీలోని బ్రెమెన్‌లో కట్టిన ఓడ, 267 మంది పడతారు. బిడెఫర్డ్ నుంచి గానీ ఇల్ఫ్రాకూమ్ నుంచి గానీ బయల్దేరుతుంది, దాదాపు 2 గంటల ప్రయాణం. బిడెఫర్డ్ నది మీది రేవు కావడంతో పోటు ఉన్నప్పుడే ఓడ కదులుతుంది. అందుకే ఒక్కో రోజు ఒక్కో వేళ, ఒక్కో రేవు. టికెట్ మీద రేవు పేరు రెండుసార్లు చదువుకోవాలి. ఆ రెండు ఊళ్ల మధ్య కారు ప్రయాణం తక్కువేమీ కాదు. చలికాలంలో ఓడ ఉండదు, హార్ట్‌లాండ్ పాయింట్ నుంచి సోమ, శుక్రవారాల్లో హెలికాప్టర్ తిరుగుతుంది. సామాను బరువు పరిమితి దానికి చాలా గట్టిది.

ఓడ రద్దయ్యేది తుఫానుకే అనుకుంటారు. లండీకి అసలు చిక్కు తూర్పు గాలి. రేవు దీవికి ఆగ్నేయ మూలన ఉంది, పడమటి గాలి ఎంత వీచినా కొండ అడ్డుకుంటుంది. తూర్పు నుంచి వీస్తే కెరటాలు నేరుగా జెట్టీ మీదికి వచ్చిపడతాయి, ఓడ ఆగలేదు. బయల్దేరే ముందు మూడు రోజుల నుంచి వాతావరణ సూచనలో గాలి వేగంతో పాటు దిక్కు కూడా చూడండి. తిరుగు ప్రయాణం రోజునే విమానం పెట్టుకోవద్దు, మధ్యలో కనీసం ఒక రోజు ఖాళీ వదలండి. హెలికాప్టర్‌ని ఆపేది పొగమంచు, దానికీ అదే జాగ్రత్త.

జెట్టీ నుంచి ఊరి దాకా నిటారు బాట. తీరిగ్గా ఎక్కితే అరగంట పడుతుంది, మోకాళ్లు నొప్పులున్నవాళ్లు వాహనం కోసం ముందే చెప్పుకోవాలి. పెట్టెల మీద ఇంటి పేరు పెద్ద అక్షరాలతో రాయాలి, దీవి వాహనాలు వాటిని ఇంటికి చేరుస్తాయి. మీరు చేరిన వెంటనే అవి రాకపోవచ్చు. మందులు, వానకోటు, పిల్లల తిండి, టార్చ్ చేతిసంచిలోనే ఉండాలి. గాజు సీసాలు, గుడ్లు కింద పెట్టే సామానులో పెట్టొద్దు. కుక్కలకి అనుమతి లేదు. వెళ్లే రోజున ఇల్లు పొద్దున్నే ఖాళీ చేయాలి, ఓడ మధ్యాహ్నం దాటాకే. ఆ మధ్య సమయంలో కూర్చోడానికి టావర్న్ ఉంది.

బుకింగ్ ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ దగ్గర. అద్దె ఇంటికే, ఓడ టికెట్ వేరు. ఇల్లు ఖాయం కాగానే ఓడలో చోటు కూడా ఖాయం చేసుకోవాలి, ఎందుకంటే వేసవిలో పగటి సందర్శకులతో ఓడ నిండిపోతుంది. అద్దె కాలాన్ని బట్టి బాగా మారుతుంది. స్కూలు సెలవుల వారాల్లో ఎక్కువ, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తక్కువ. మొదటిసారి వెళ్లేవాళ్లు మే మధ్య నుంచి జూన్ మధ్య వరకు ఏదో ఒక వారం, నాలుగు రాత్రులకి చూసుకోవడం మంచిది. ఆ రోజుల్లో పఫిన్‌లుంటాయి, పగలు పొడుగ్గా ఉంటుంది, గ్రానైట్ గోడ కూడా అంత చల్లగా ఉండదు. తేదీ దొరికితే ఇంటి విషయంలో పట్టుబట్టొద్దు, ఓల్డ్ లైట్ గోపురం, కోట చుట్టూ తిరగడం, చరియల మీది బాటలు ఏ ఇంట్లో ఉన్నవాళ్లకైనా అందుబాటులోనే ఉంటాయి. బయల్దేరే ముందు సంచులన్నీ ఒకసారి పూర్తిగా ఖాళీ చేసి దులిపి సర్దుకోండి, ముఖ్యంగా గ్యారేజీలోనో కొట్టుగదిలోనో ఉంచిన సంచులు, టెంట్లు. వాటిలో దూరిన ఒక్క గర్భిణి ఎలుక చాలు, ఇరవై ఏళ్లుగా పెరుగుతూ వచ్చిన పక్షుల గూళ్లకి మళ్లీ ముప్పు తేవడానికి.